గది ఖాళీచేయు పద్ధతి

హైదరాబాదున మాదాపూరులోని సైబర్ టవర్సు 1998 నవంబరు 22వ తేదీన ప్రారంభమైనవి. మైక్రోసాఫ్టు సంస్థ ఈ నగరమున తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పినదియు ఆ యేటనే. తాము ఏటేట సరిదిద్దు భద్రతాలోపములలో నూటికి సుమారు 70 కంప్యూటరు మెమరీని తప్పుగా వాడుటవలన కలుగునవేయని ఆ సంస్థ 2019లో వెల్లడించినది. ఆ తప్పులలో ఒక తెగను, అనగా వాడిన చోటును తిరిగి అప్పగించుటలో జరుగువానిని గూర్చి ఇచట ముచ్చటించుకొందము.

మెమరీని ఒక పెద్ద సత్రమనుకొనుడు. ప్రోగ్రాము గది అడుగును, గుమాస్తా ఇచ్చును. డెన్నిస్ రిచీ అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపొందించిన సి భాషలో గది అడుగుటకు మాలాక్, తిరిగి ఇచ్చుటకు ఫ్రీ అను పిలుపులు కలవు. ఎప్పుడు ఖాళీచేయవలెనో గుమాస్తా చెప్పడు. ఆ భారము ప్రోగ్రాము వ్రాయువానిదే. అతడు తన సరకును స్వయముగా ఒక వరుసలో గూర్పదలచినచో ప్రతి గదిలోను సరకుతోపాటు తరువాతి గది సంఖ్యగల చీటీ నొకదాని నుంచును. దీనినే లింక్డ్ లిస్టు అందురు.

ఇక ఖాళీచేయుట. మొదటి గది తాళపుచెవి అప్పగించి, పిమ్మట అందులోని చీటీకొరకు చేయి చాచినచో ఏమగును? గది అప్పటికే పరులది. చిత్రమేమనగా, ఫ్రీ అను పిలుపు సాధారణముగా గదిని ఊడ్వదు. పాత చీటీ తరచు అట్లే యుండును. అందుచేత పరీక్షలో అంతయు సవ్యముగానే కనబడి, ఎన్నడో బ్యాంకులోనో ఆసుపత్రిలోనో పని జరుగుచుండగా బెడిసికొట్టును. దుర్మార్గుడెవడైన ఆ గదిలో తన చీటీ నుంచగలిగెనా, ప్రోగ్రామును తన దారినే నడిపించుకొనును. కావున ముందు చీటీలోని సంఖ్యను వేరుగా వ్రాసికొని, పిదపనే తాళపుచెవి ఇయ్యవలెను. ఒకే గదిని రెండుమారులు అప్పగించుటయు ప్రమాదమే. నడుమ దిగిన క్రొత్త బాటసారి సామాను వీధిపాలగును. అసలే అప్పగింపకున్న సత్రము నిండును. మా దృష్టిలో మూడింటిలో ఇదియే కొంత నయము.

2015లో తొలి స్థిరరూపము వెలువడిన రస్ట్ భాషలో సామాన్యముగా ప్రతి గదికిని యజమాని ఒక్కడే. అతడు వెడలగనే గది దానంతట ఖాళీయగును. ఖాళీయైన గదిలోనికి తొంగిచూడదలచిన ప్రోగ్రామును కంపైలరు ముందుగనే త్రోసిపుచ్చును. అయినను చేతితో అల్లిన వరుసలో చిక్కొకటి మిగులును. మొదటి గది పని ముగియవలెనన్న రెండవది ముగియవలెను, రెండవది ముగియుటకు మూడవది. ఇట్లు లక్షలాది గదులు ఒకదానికొరకు ఒకటి వేచియున్నచో స్టాక్ అను ఇరుకు వసారా నిండి ప్రోగ్రాము కూలును. దీనికి మందు పాతదే: లూపు నొకదానిని వ్రాసి, చీటీ ముందుగ తీసికొని, ఒక్కొక్క గదినే వదలుచు పోవుట.