గుడారము: గాలివానలలోను నిత్యోపయోగములోను



సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మన అనంతపురపు మెట్టసీమలో గుడారమును గూర్చి ప్రసంగించుట ఏల యని కొందరికి తోచవచ్చును. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలను దాటునప్పటికి తడి యంతయు అచ్చటనే రాల్చి, వట్టి గాలియై మనకు చేరును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి యింతదూరము వచ్చునప్పటికి బలహీనమగును. వాన తక్కువైన చోట వానకప్పుతో పని యేమి?

పని కలదు. మందలను తోలుకొని పొలమునుండి పొలమునకు పోవు గొర్రెల కాపరులు ఆలుబిడ్డలతో ఆరుబయలనే నెలలు గడపుదురు. కదిరి నరసింహస్వామి తేరునకు, గూగూడు పీర్లపండుగకు పోవు కుటుంబములు రాత్రులు బయలనే పండుకొందురు. కరవునాడు బెంగుళూరు మొదలైన పట్టణములకు కూలికి పోవువారు ఖాళీ స్థలములలో పట్టలు కట్టుకొని కాపురము చేయుదురు. వీరందరికి గుడారమే యిల్లు. గోడల యిల్లు కట్టువాడు పునాదిని గూర్చి పదిమందిని విచారించును. గుడ్డయింటిని గూర్చి విచారించువారు అరుదు. కావున నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేయుదును.

పండితులు పటకుటీరమనిన దానిని మనవారు డేరా యందురు. ఈ సీమలో డేరా బ్రదుకు క్రొత్తది కాదు. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ప్రిన్సిపల్ కలెక్టరుగా నుండిన థామస్ మన్రో, సంవత్సరములో పెక్కు నెలలు గుడారములలో విడిసి, ఊరూర తిరిగి, నేలలను శిస్తులను విచారించెను. పిమ్మట మద్రాసు గవర్నరై, 1827 లో ఈ ప్రాంతమునకు మరల వచ్చినప్పుడు ఆయన విడిదిలో కలరా చొచ్చెను. జూలై 6 వ తేదీన పత్తికొండలో ఆయన మరణించెను. గుడారము గవర్నరుదైనను వానను ఆపగలదు గాని చెడ్డనీటిని ఆపలేదు. విడిది వేయుచోట త్రాగునీరు ఏదియో, మలవిసర్జనస్థల మేదియో ముందుగా ఏర్పరచుకొనుట మొదటి నియమము.

ఇక బట్టను గూర్చి. మన సీమలో మూడు విధములైన కప్పులు వాడుకలో కలవు: కంబళి, కాన్వాసు, నైలాను లేక పాలియెస్టరు.

కురుబలు నేయు నల్లకంబళి యన్నిటికంటె ప్రాచీనము. నాటుగొర్రె బొచ్చుతో నేసి, చింతగింజల గంజి పట్టించిన యీ కంబళిని కాపరి తలపై ముసుగువలె మడచి కప్పుకొనినచో, వాన చుక్కలు పైపైననే జారిపోవును. ఉన్ని తన తూకములో మూడవవంతు వరకు నీటిని పీల్చుకొనియు చేతికి తడి తెలియనీయదు. తడిసినను ఒంటికి వెచ్చదన మిచ్చును. అయితే గంటలకొలది కురియు జడివానలో అది నీటిని త్రాగి మోయరాని బరువగును, ఆరుటకు రెండు మూడు దినములు పట్టును. అది ఒక మనిషికి చాలును గాని కుటుంబమునకు కప్పు కానేరదు.

కాన్వాసు దట్టమైన నూలుబట్ట. దాని గుణము విచిత్రమైనది. నూలుపోగు తడిసినప్పుడు ఉబ్బును. ఉబ్బిన పోగులు నడిమి రంధ్రములను మూసివేయును. కావుననే క్రొత్త కాన్వాసు డేరాను వాడుకకు ముందు ఒకటి రెండు మారులు బాగుగా తడిపి, నిలిపి యుంచియే ఆరబెట్టవలయును. అట్లు చేయనిచో తొలివానకు కుట్లవెంట నీరు కారును. వాన కురియుచుండగా లోపలినుండి బట్టను వ్రేలితో తాకినచో, ఆ తాకినచోటనే చుక్క దిగుట మొదలగును. నేను పాఠశాలలో పనిచేసిన కాలమున స్కౌటు బాలురతో లేపాక్షి వైపు విడిసినప్పుడు ఈ సంగతి వారికి నోటితో చెప్పుటకంటె ఒక వానరాత్రి చక్కగా బోధించినది. తడి కాన్వాసును చుట్టి మూలకు పెట్టినచో బూజుపట్టి చివికిపోవును. ఇదియే దాని ప్రధాన దోషము. బరువు రెండవ దోషము.

మూడవది నైలాను. నా కుమారుడు కొన్నియేండ్ల క్రిందట నలుగురికి సరిపోవునని ముద్రించిన యొక డేరాను బెంగుళూరునుండి తెచ్చి యిచ్చెను. యాత్రలలోను, మా తోటలో కాపలాకును దానిని వాడి చూచితిని. నలుగురికనిన మాటకు అర్థము నలుగురు చేపలవలె ప్రక్కప్రక్కన పండుకొనిన పట్టుననియే. మూటలు, వంటపాత్రలు, నీళ్లబిందె కూడ లోపల నుండవలెననిన అది యిద్దరు పెద్దలకు ఒక బిడ్డకు చాలును. కొనువారు తమ సంఖ్యకు ఇద్దరిని చేర్చి కొనుట మేలు.

నైలాను బట్టపై ఒక సన్నని పూత యుండును. నీటినాపునది ఆ పూతయే. దాని శక్తిని మిల్లీమీటర్లలో చెప్పుదురు. 1500 అనినచో ఒకటిన్నర మీటరు ఎత్తుగల నీటికంబము నిలిచినను ఆ బట్టలోనుండి నీరు ఊరదని భావము. పైకప్పునకు అంత చాలును. క్రింద పరచు బట్టకు ఇంకను ఎక్కువ కావలయును. ఏలయన తడినేలపై మనము మోకాలు మోపినప్పుడు, పడు వానచుక్కకంటె మిక్కుటమైన ఒత్తిడి దానిపై పడును. కుట్లమీద అతికిన పట్టీ లేచినదా యని ఏటేట చూచుచుండవలెను. తొలుత కారునది కుట్టువెంటనే గాని బట్టలోనుండి కాదు.

ఒక పుష్యమాసపు ఉదయమున మా మనుమడు, “తాతా, డేరా కారుతాంది” అని నన్ను లేపెను. ఆకాశమున మబ్బు లేదు. అది వాననీరు కాదు, మా యూపిరియే. నిద్రించు మనిషి యొక్క రాత్రిలో శ్వాసమువలనను చర్మమువలనను కలిపి సుమారు పావు లీటరు నీటిని ఆవిరిగా విడుచును. నలుగురు విడిచినది లీటరగును. బయటి చలికి చల్లబడిన పూతబట్టను తాకి ఆ యావిరి చుక్కలుగా మారును. కాన్వాసులో గాలి యాడును గనుక ఈ బాధ తక్కువ. నైలానులో పై కిటికీలను, చలియైనను, కొంత తెరచియే యుంచవలయును. రెండు పొరల డేరాలో చుక్కలు పైపొరకు అంటి ప్రక్కకు జారిపోవును. కావున రెండు పొరలు ఒకదాని నొకటి తాకకుండ బిగించుట ముఖ్యము.

వానకంటె మన సీమలో గాలియే గొప్పశత్రువు. ఆషాఢమాసపు పడమటిగాలి యెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. రామగిరి కొండలమీద గాలిమరలు నిలుపుటకు ఆ గాలియే కారణము. గాలివేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. గంటకు 40 కిలోమీటర్ల గాలి చదరపు మీటరునకు సుమారు ఏడున్నర కిలోల బరువువలె నొత్తును. నాలుగు చదరపు మీటర్ల ప్రక్కబట్టకు అది 30 కిలోలు. గాలి 60 కిలోమీటర్లైనచో అదే బట్టమీద దాదాపు 70 కిలోల బరువు పడును. కావున డేరా వెడల్పు ముఖమును పడమరకు త్రిప్పరాదు. ఇరుకువైపును గాలికి చూపి, ద్వారమును గాలికి మరుగైన దిక్కున నుంచవలెను. పడమట కంపచెట్ల దడి గాని, రాతిగట్టు గాని యున్నచో దానిచాటున వేయుట శ్రేష్ఠము.

గూటములు నేలనుబట్టి యుండవలెను. మన యెర్రనేల లోతు తక్కువ, క్రింద గట్టి గరుసు. డేరాతోకూడ వచ్చు సన్నని గూటములు అందులో వంగిపోవును. మందమైన యినుప గూటమును సుత్తితో దింపవలెను. తాడిపత్రి వైపు నల్లరేగడిలో గూటము సులభముగా దిగును గాని, నేల తడిసినంతనే పట్టు వదలును. అచ్చట పొడవైన కొయ్యగూటములు మంచివి. బండనేలపై గూటమును విడిచి, త్రాటికి పెద్దరాయి కట్టి, దానిపై మరియొక రాయి నుంచవలెను. ఎచ్చటనైనను గూటపుతల డేరాకు దూరముగా వాలియుండవలెను. నూలుత్రాడు తడిసి కుంచించును, కావున వానకు ముందు కొంచెము సడలింపవలెను. నైలానుత్రాడు తడిసి సాగును, కావున వాన మొదలైన పిమ్మట బిగింపవలెను. ఈ భేద మెరుగక అర్ధరాత్రివేళ గూటములు ఊడబెరికించుకొనువారు పెక్కుమంది.

ఎండ మెల్లగా చంపు శత్రువు. మే నెలలో మధ్యాహ్నమున నైలాను డేరా లోపల బయటికంటె వేడి హెచ్చు. చెట్టునీడ లేనిచో, పైన ఒక మూర యెడముగా పాతచీరనో చాపనో కట్టినచో లోపలి వేడి తగ్గును, బట్టకును ఆయువు పెరుగును. ఏడాదిపొడవున ఎండలో నిలిపిన నైలాను కొలదికాలములోనే చిరుగును. పాలియెస్టరు కొంత మెరుగు. పల్లేరుకాయలు, తుమ్మముళ్లు క్రిందిబట్టను పొడుచును గనుక ముందు నేల ఊడ్చి, గోనెలు పరచవలెను. తిండిగింజలు లోపల నుంచినచో ఎలుకలు బట్ట కొరుకును. ఇసుక చేరినచో జిప్పు పండ్లు అరుగును. దినమున కొకమారు దులుపుట చాలును.

ఇంతవరకు చెప్పినది సొత్తును గూర్చిన మాట. ఇక ప్రాణములను గూర్చి మూడు మాటలు.

మొదటిది, వంకలో డేరా వేయరాదు. ఎండిన వంక మెత్తని యిసుకతో, గాలిచాటుతో ఆశ పెట్టును. వాన మనపై కురియనక్కరలేదు, ఎగువన కురిసిన చాలును. 2021 నవంబరు 19 వ తేదీన చిత్రావతి పొంగి, వెల్దుర్తియొద్ద చిక్కుకొనిన పదిమందిని వైమానికదళపు హెలికాప్టరు దింపి కాపాడవలసి వచ్చెను. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురము కాలనీలనే ముంచెను. కరవుసీమలో నీటివలన చావురాదని నమ్ముటకంటె ప్రమాదము లేదు. గట్టుపైన, నీరు ప్రక్కకు పారిపోవు వాలునేల వెదకి, డేరాచుట్టు జానెడు లోతు కాలువ త్రవ్వవలెను.

రెండవది, ఉరుము వినబడినప్పుడు డేరాను నమ్మరాదు. గుడ్డ పిడుగు నాపదు. ఒంటరిచెట్టు అంతకంటె కీడు. సమీపమున పక్కా కట్టడమున్నచో వెంటనే అచ్చటికి చేరవలెను.

మూడవది, మూసిన డేరాలో పొయ్యిగాని, బొగ్గుల కుంపటిగాని వెలిగించరాదు. నైలాను మండి కరగి ఒంటికి అంటుకొనును. మంట లేకున్నను, బొగ్గునుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషవాయువు. నిద్రలోనే ప్రాణము తీయును. చలికి కంబళి కలదు, కుంపటి యేల?

పెద్దలైన మీరు మీ గ్రామమునుండి యాత్రకు గాని, మందలతో గాని, కూలికి గాని బయలుదేరు కుటుంబములకు ఈ మాటలు చెప్పుదురు గాక. డబ్బు కలవారు రెండు పొరల డేరా కొనవచ్చును. లేనివారు పట్టయే కట్టుకొనవచ్చును. చోటు చక్కగా నెన్ని, గూటము గట్టిగా దింపి, గాలి యాడుటకు సందు విడిచినచో, పేదవాని పట్ట ధనికుని డేరాతో సమానముగా పనిచేయును. చోటు చెడినచో రెండును ఒక్కటే.