పాఠ్యసంపుటి – గ్రంథస్వామ్యం

విద్యాసంవత్సరం ప్రారంభం కావడానికి ముందే విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక పని మొదలవుతుంది. తరగతిలో కూర్చునే విద్యార్థికి అది కనిపించదు. ఎం.ఏ. తరగతికి ఆర్థికశాస్త్రమో, చరిత్రో బోధించే అధ్యాపకులు ఒక జాబితా పట్టుకొని వస్తారు. ఒక గ్రంథంలో రెండవ అధ్యాయం. ఒక పరిశోధన పత్రికలో ఇరవై పుటల వ్యాసం. వేరొక సంకలనంలో ఒక ఉపన్యాసం – ఇట్లా పదిహేనో, ఇరవయ్యో. వీటిలో ఏ గ్రంథమూ సంపూర్ణంగా పాఠ్యగ్రంథం కాదు. అయినా దేనినీ వదలడానికి వీలులేదు. గ్రంథాలయంలో ఒక్కొక్కదానికి ఉన్నది ఒకే ప్రతి, మహా అయితే రెండు. తరగతిలో ఉన్నది అరవై మంది. విదేశాలలో అచ్చయిన గ్రంథాల వెల తరచు వేల రూపాయలలో ఉంటుంది గనుక, అన్నింటినీ కొనుక్కోమని విద్యార్థితో చెప్పడం చదవవద్దని చెప్పడంతో సమానం.

ఒక ప్రతినీ అరవై మందినీ ఎట్లా కలపాలి అన్నదే గ్రంథాలయాధికారి ముందున్న సమస్య. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తీర్చిదిద్దిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో మొదటిదే గ్రంథాల వినియోగాన్ని గురించినది. ఇందుకు వెనుకటి నుంచీ ఉన్న పద్ధతి ఏమంటే, అధ్యాపకులు పేర్కొన్న గ్రంథాలను వేరొక బీరువాలో ఉంచి, ఇంటికి ఇవ్వక, అక్కడే కూర్చొని గంటో, రెండు గంటలో చదువుకోనివ్వడం. విద్యార్థులు కావలసిన పుటలను నోటు పుస్తకాలలోకి ఎత్తి వ్రాసుకునేవారు. దానిని ఎవరూ నేరమనలేదు. తరువాత జిరాక్సు యంత్రం వచ్చినది. రోజంతా వ్రాసే పని అయిదు నిమిషాలలో ముగియసాగినది. దానితో పాటే గ్రంథస్వామ్యం, అనగా కాపీరైటు, ప్రశ్న కూడా బయలుదేరినది.

మన దేశంలో ఈ విషయాన్ని శాసించేది 1957 నాటి కాపీరైటు చట్టం. రచయిత జీవించి ఉన్నంత కాలమూ, మరణించిన తరువాత 60 సంవత్సరాలూ ఆ రచనకు ప్రతులు తీసే హక్కు రచయితది, లేదా ఆయన నుంచి ఆ హక్కు పొందినవారిది. 1992కు పూర్వం ఈ గడువు 50 సంవత్సరాలే. ఇంతవరకు చాలామందికి తెలిసినదే. అంతగా తెలియనిది 52వ సెక్షను. హక్కుదారు అనుమతి లేకపోయినా ఉల్లంఘన కాని పనులను అది వరుసగా పేర్కొంటుంది. బోధన క్రమంలో అధ్యాపకుడు గాని, విద్యార్థి గాని ఒక రచనకు ప్రతి తీయడం వాటిలో ఒకటి.

నిబంధన చిన్నది. కాని బోధన క్రమం అంటే ఎంత మేర? అధ్యాపకులు నోరు విప్పి పాఠం చెప్పే గంట మాత్రమేనా? ప్రతి తీసేది దుకాణదారు అయితే ఏమవుతుంది? ఒకటి కాక అరవై తీస్తే? ఈ ప్రశ్నలు ఢిల్లీలో కోర్టుకు ఎక్కినవి.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ ఆవరణలో రామేశ్వరీ ఫోటోకాపీ సర్వీసెస్ అనే చిన్న దుకాణం ఉండేది. అధ్యాపకుల జాబితా ప్రకారం విశ్వవిద్యాలయ గ్రంథాలయాల నుంచి గ్రంథాలు తెప్పించి, నిర్ణయించిన భాగాలకు ప్రతులు తీసి, ఒక్కటిగా కూర్చి విద్యార్థులకు అమ్మేవారు. వీటిని పాఠ్యసంపుటులు అనవచ్చు. 2012లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల ముద్రణ సంస్థలూ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థా కలిసి దుకాణం మీదా, విశ్వవిద్యాలయం మీదా ఢిల్లీ హైకోర్టులో దావా వేసినవి. ప్రకాశకుల తరఫున ఏర్పడిన హక్కుల సంస్థ నుంచి లైసెన్సు తీసుకొని, రుసుము చెల్లించి చేయవలసిన పని ఇది అని వారి వాదం. విచిత్రమేమంటే, ఏ రచనల పేరిట దావా నడిచినదో ఆ రచయితలలో కొందరే దీనిని వ్యతిరేకిస్తూ ప్రకాశకులకు వ్రాసినారు. అమర్త్య సేన్ గారు కూడా దావా మానుకోవలసినదిగా కోరినారు.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావాను కొట్టివేసినారు. తాము న్యాయశాస్త్రం చదివే రోజులలో విద్యార్థులు వంతులవారీగా గ్రంథాలయంలో కూర్చొని పుటలకు పుటలు చేతితో ఎత్తి వ్రాయడాన్ని ఆ తీర్పులో గుర్తుచేసుకున్నారు. కష్టపడి చేసినప్పుడు నేరం కాని పని, యంత్రం దానిని సులువు చేసినంత మాత్రాన నేరం కాజాలదన్నది వారి తర్కం. అదే సంవత్సరం డిసెంబరు 9న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం మూలసూత్రాన్ని బలపరచినది. బోధన అంటే ఉపన్యాసపు గంట మాత్రమే కాదు. దానికి ముందూ వెనుకా సాగే విద్యావ్యాసంగమంతా అందులో చేరుతుంది. ప్రతి తీసిన చేయి దుకాణదారుది అయినా ప్రయోజనం బోధనదే. ఇంత శాతం అని చట్టంలో హద్దు లేదు. బోధనకు ఎంత అవసరమో అంతే కొలత. అయితే సంపుటిలో చేర్చిన భాగాలు నిజంగా ఆ పాఠానికి అవసరమైనవేనా అన్నది సాక్ష్యం మీద తేల్చవలసి ఉన్నదని కేసును తిరిగి విచారణకు పంపినది. ఆ విచారణ ముగింపుకు రానేలేదు. 2017 మార్చిలో ప్రకాశకులు దావా నుంచి తప్పుకున్నారు. మే నెలలో హక్కుల సంస్థ అప్పీలును సుప్రీంకోర్టు తోసిపుచ్చినది.

ఇటువంటి సంపుటులనే అమెరికాలో ఒక ఫెడరల్ కోర్టు 1991లో ఉల్లంఘన అన్నది. అక్కడి చట్టం వేరు, అక్కడి దుకాణం దేశమంతటా శాఖలున్న కంపెనీ. ఢిల్లీ తీర్పు మన తెలుగు రాష్ట్రాల హైకోర్టులను కట్టివేయదు కూడా. కాని చట్టం దేశమంతటికీ ఒకటే గనుక, ఇక్కడి గ్రంథాలయాలకూ ఆ తీర్పే ప్రస్తుతం దారి చూపుతున్నది.

కొలత "అవసరం" అయినప్పుడు, ఆ అవసరాన్ని చూపగలిగే కాగితం ఒకటి ఉండాలి. ఏ పత్రంలో ఏ అంశానికి ఏ పుటలు అన్నది వ్రాసి ఉంచుకున్న గ్రంథాలయాన్ని ఎవరూ సులభంగా నిలదీయలేరు. మొత్తం గ్రంథాన్నే జిరాక్సు తీయమని వచ్చిన కోరిక దగ్గర గ్రంథాలయాధికారి ఆగవలసినదే.

అసలు హక్కు ఉన్నదా లేదా అన్నది ముందుగా చూడవలసిన సంగతి. తెలుగు శాఖనే తీసుకోండి. 1915లో మరణించిన గురజాడ అప్పారావు గారు జీవించి ఉండగా వెలువరించిన రచనలను ఇప్పుడు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. 1976లో మరణించిన విశ్వనాథ సత్యనారాయణ గారి రచనలకు హక్కు 2036 చివరి వరకూ ఉంటుంది. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి వరకూ. గురజాడవారి నాటకానికి ఈనాటి పండితుడు వ్రాసిన పీఠికకూ, చేసిన ఇంగ్లీషు అనువాదానికీ వేరే హక్కుదారులు ఉంటారు. మూలం పాతది గదా అని అట్ట నుంచి అట్ట వరకు తీయించేవారు పొరపడేది ఇక్కడే.

కంప్యూటరులో చదివే పరిశోధన పత్రికల సంగతి వేరు. వాటిని గ్రంథాలయం సాధారణంగా కొనదు, ఒప్పందం మీద వాడుకుంటుంది. ఒప్పందంలోని షరతులే అక్కడ ముఖ్యం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఒకే దేశం – ఒకే చందా అనే పథకాన్ని ఆమోదించినది. 2025 నుంచి మూడు సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రకాశకుల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందేటట్లు ఏర్పాటు. అందులో ఉన్న వ్యాసానికి జిరాక్సు ప్రతులు ఎందుకు? లింకు పంపితే చాలును. ఈ మాట అధ్యాపకులకు ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పవలసినవారు గ్రంథాలయంవారే. 2020లో తరగతులు ఫోనులలోకి మారిన తరువాత స్కాను ప్రతులు పంపుకోవడం మామూలైనది. తన తరగతికి ఒక అధ్యాయం పంపడం వేరు. ఎవరికైనా చిక్కేటట్లు మొత్తం గ్రంథాన్ని ఇంటర్నెట్‌లో పెట్టడం వేరు. రెండవదానికి ఢిల్లీ తీర్పు గొడుగు పట్టదు.

చూపు లేని విద్యార్థుల కొరకు 2012 సవరణ మరొక తలుపు తెరచినది. వారు చదువుకోగలిగే రూపంలోకి, బ్రెయిలీలోకి గాని ధ్వనిముద్రణలోకి గాని, గ్రంథాన్ని లాభాపేక్ష లేకుండా మార్చవచ్చును. రేడియో విని చదువుకున్నవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతవరకు ప్రకాశకులు అంటే సముద్రాల అవతలి పెద్ద సంస్థలే అన్నట్లు మాట్లాడినాను. కాని ఇదే మినహాయింపు, తన సొంత డబ్బుతో అయిదు వందల ప్రతులు వేసుకొని, కట్టలు ఇంట్లో పెట్టుకొన్న తెలుగు విమర్శకుని మీద కూడా అంతే బలంగా పనిచేస్తుంది. పాటకూ, నాటికకూ హక్కుదారును వెతికి పారితోషికం చెల్లించే రేడియో ఉద్యోగానికి అలవాటుపడినవాణ్ణి గనుక, నాకు ఇది గుచ్చుకుంటుంది. చట్టం ఈ ఇద్దరినీ వేరు చేసి చూడదు. గ్రంథాలయం చూడగలదు. రెండు వందల రూపాయలకు దొరికే తెలుగు గ్రంథం జాబితాలో కనిపించినప్పుడు జిరాక్సుకు పంపడానికి బదులు పది ప్రతులు కొని బీరువాలో ఉంచవచ్చును. అందుకు అధ్యాపకుల జాబితా తరగతులు తెరిచిన నాడు కాక, వేసవి సెలవులకు ముందే రావాలి. ఆర్డరు వెళ్లి, గ్రంథం వచ్చి, రిజిస్టరులో ఎక్కి, సంఖ్య పడి బీరువా చేరేసరికి నెలలు గడుస్తవి.