ఆఫర్ లెటర్‌తో పాటు ధైర్యం రాదు!

అడిక్‌మెట్, తార్నాకల్లో గది అద్దెకు తీసుకుని, పొద్దస్తమానం ఓయూ లైబ్రరీలో ప్రిపేరయ్యే వాళ్లను కదిపితే ఒకటే మాట: 'ఒక్క ఉద్యోగం వస్తే చాలు, అన్నీ సెట్ అయిపోతాయి.' నిజంగా అవుతాయా? రెండు తెలుగు నవలలు చదివి చూడండి.

మొదటిది మన క్యాంపస్ కథే. 1969లో వచ్చిన 'అంపశయ్య'. ఓయూలో చదివే రవి అనే పేద విద్యార్థి జీవితంలో ఒక్క రోజు, సుమారు 16 గంటలు. నవలంతా అంతే. బయట జరిగేది తక్కువ, రవి బుర్రలో నడిచేది ఎక్కువ. రచయిత నవీన్‌కు ఆ నవల పేరే ఇంటిపేరైపోయింది.

సరే, రవిలాంటి కుర్రాడికి ఉద్యోగం వచ్చిందనుకుందాం. తర్వాత? ఆ కథ కావాలంటే రావిశాస్త్రి 'అల్పజీవి' తీయాలి. 1950ల తొలినాళ్ల నవల. ఇందులో సుబ్బయ్య గుమాస్తా. నెల తిరిగితే జీతం వస్తుంది. అయినా భార్యంటే భయం, బావమరిదంటే భయం, ఆఫీసులో పైవాళ్లంటే భయం. కాంట్రాక్టర్ గవరయ్య దగ్గర అప్పు తెచ్చి, ఆపైన అతన్ని తలుచుకున్నా వణికిపోతాడు. చీమంత విషయం సుబ్బయ్య మనసులో ఏనుగంత అవుతుంటే మనకు నవ్వాగదు. రెండు పేజీలు తిప్పేసరికి ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. ఎందుకంటే అక్కడ కనిపించేది మనమే.

సుబ్బయ్య మంచి హీరో కాదు. పిరికివాడు. తప్పని తెలిసినా కాదనలేడు. అయినా అతని మీద కోపం రాదు, జాలేస్తుంది. విశాఖలో లాయరుగా పనిచేసిన రావిశాస్త్రి భయస్తుల్ని ఎంత దగ్గర్నుంచి చూశారో ఈ నవల చదివితే తెలుస్తుంది.

ఇప్పుడు ఐటీ ఆఫీసుకు రండి. 'ఈ మాడ్యూల్ రెండ్రోజుల్లో అయిపోతుందా?' అని మేనేజర్ అడుగుతారు. వారం పడుతుందని తెలిసీ 'అయిపోతుంది సార్' అనేస్తాం. మెడలో ఐడీ కార్డు ఉన్నా, లోపల ఉన్నది సుబ్బయ్యే! జీతం రాగానే ఈ బగ్ దానంతటదే ఫిక్స్ అవదు.

అందుకే ప్రాక్టీస్ ఇప్పుడే మొదలుపెట్టండి. క్లాసులో డౌట్ వస్తే చెయ్యెత్తండి. గ్రూప్ డిస్కషన్‌లో అందరూ ఒకవైపున్నా, మీ మాట వేరైతే అదే చెప్పండి. కుదరని పనికి 'కుదరదు' అని మర్యాదగా, కారణంతో సహా చెప్పడం నేర్చుకోండి.

ఇంకో లాభం కూడా ఉంది. ఇంటర్వ్యూలో 'నచ్చిన పుస్తకం?' అంటే చాలామంది ఒకే రకం సక్సెస్ పుస్తకాల పేర్లు వల్లిస్తారు. మీరు సుబ్బయ్య గురించి చెప్పి చూడండి. అతనిలా ఎందుకు ఉండకూడదో, అయినా అతనంటే ఎందుకు జాలి కలిగిందో రెండు నిమిషాలు మాట్లాడగలిగితే చాలు. ఎదుటివాళ్లు పుస్తకం పక్కనపెట్టి, మీ గురించి అడగడం మొదలుపెడతారు.