వదిలేసిందా, దాచిందా?

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం దారిలో సుమారు 35 కిలోమీటర్లు వెళితే పర్ణశాల. సీతమ్మ బంగారు లేడిని చూసి ముచ్చటపడింది ఇక్కడేనని నమ్మకం. జంతువును చూసి పొరబడిన కథ అలా ఈ నేలకు దక్కింది. ఆ మాయలేడి సంగతి సరే, కొట్టంలో ఆవును, దొడ్లో మేకను, గంప కింద కోడిని చూసి మనం రోజూ పొరబడుతూనే ఉంటాం. వాటి తల్లితనం విషయంలో మరీను. కబేళా దారిలో లారీల నుంచి దించినవీ, ఒట్టిపోయాక రోడ్డున వదిలేసినవీ చేరే గోశాలల్లో, సంరక్షణ కేంద్రాల్లో ఈ పొరపాట్లు బయటపడతాయి. పాల లెక్క చూడని చోట తల్లీపిల్లల్ని విడదీసే తొందర ఉండదు మరి.

అపోహ: ఆవన్నాక పాలిస్తూనే ఉంటుంది.

వాస్తవం: ఈనితేనే పాలు. ఆవు సుమారు 280 రోజులు, బర్రె సుమారు 310 రోజులు మోసి ఈనుతాయి. పది నెలలు అటూ ఇటూగా పాలిచ్చి ఒట్టిపోతాయి. మళ్లీ పాలు కావాలంటే మళ్లీ చూడి కట్టాలి. “ఇన్ని ఆవులున్నాయి, గ్లాసెడు పాలు లేవా?” అని గోశాలలో అడిగేవాళ్లకు ఇదే జవాబు. అక్కడికి చేరేవాటిలో చాలావరకు ఒట్టిపోయినవే. ఈనినదాని పాలు దూడకు సరిపోతాయి. బాగా పాలిచ్చే సంకరజాతి ఆవుకైతే దూడ తాగగా మిగిలినవి పిండాల్సి రావచ్చు.

అపోహ: మాయ పడేదాకా దూడను తాగనివ్వకూడదు. జున్నుపాలు ఎక్కువైతే పారుకుంటుంది.

వాస్తవం: వీటన్నిటిలో ప్రాణం తీసే అపోహ ఇది. మనిషి బిడ్డకు కడుపులో ఉండగానే తల్లి నుంచి కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. దూడకు ఆ దారి లేదు. ఆవు మాయ నిర్మాణం అలాంటిది. దూడకు ఆ శక్తి అందాలంటే జున్నుపాలే దిక్కు. వాటిలోని రక్షణ పదార్థాలను పేగులు నేరుగా పీల్చుకునేది మొదటి 24 గంటలే. ఆ గుణం కూడా గంటగంటకూ తగ్గిపోతుంది. అందుకే పుట్టిన గంట, రెండు గంటల్లోపే దూడ నోటికి పొదుగు అందాలి. తొలి రోజున తన బరువులో పదో వంతు తాగాలి. పాతిక కిలోల దూడకు అది రెండున్నర లీటర్లు. ఊళ్లో జున్ను పంచుకునే ముచ్చట దూడ వాటా తీరాకే.

పైగా మాయ పడటానికీ ఈ తాగడమే సాయం. దూడ పొదుగు కుమ్మితే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరుతుంది. పాలు చేపేదీ, గర్భసంచి ముడుచుకునేదీ దానివల్లే. మాయ మామూలుగా 12 గంటల్లోపే పడిపోతుంది. పడకపోతే పశువైద్యుణ్ని పిలవాలి. చేత్తో లాగడం, రాయి కట్టి వేలాడదీయడం తల్లి ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: దూడను తీసేస్తే రెండు రోజులు అరిచి మర్చిపోతుంది.

వాస్తవం: ఈనిన ఆవును మొదటి అరగంట దూరంగా నిలబడి చూడండి. ముందు దూడ ముక్కు మీది జిగురు నాకుతుంది. తర్వాత మెడ, వీపు, తోక మొదలు. నోరు తెరవకుండా గొంతులోనే సన్నగా మూలుగుతుంది. దూడ తూలిపడి లేచినప్పుడల్లా తల్లి అటు తిరుగుతుంది. ఈనిన వెంటనే అయిదు నిమిషాలు దగ్గరున్నా తల్లి తన దూడకు అలవాటుపడుతుందని 1977 నాటి ఒక పరిశోధన తేల్చింది. దూడ దగ్గరుంటే ఒకలా, కనబడకపోతే మరోలా పిలుస్తుందనీ, ఏ ఆవు గొంతు దానిదేననీ నాటింగ్‌హామ్, లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2015 ప్రాంతంలో చూపారు. మేకలు తమ పిల్లల అరుపును నెలల తరబడి గుర్తుంచుకుంటాయని 2012లో తేలింది.

ఈ సంగతి మనవాళ్లకూ ఎప్పటినుంచో తెలుసు. చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టి పాలు పిండేది అందుకే కదా! ఇక ఒంటికి చేటు చేసే సూదులతో పాలు చేపించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం.

అపోహ: గుడ్లను కోడి పొదిగినా, యంత్రం పొదిగినా ఒకటే.

వాస్తవం: యంత్రం పిల్లలతో మాట్లాడదు. గుడ్డులోంచే పిల్ల కిచకిచమంటే పెట్ట బదులిస్తుంది. పిల్లల మీదికి గాలి ఊదితే చూస్తున్న తల్లికోడి గుండె వేగం పెరిగిందని 2011లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం గమనించింది. ఫారాల నుంచి వచ్చిన తెల్లకోళ్లు మాత్రం సాధారణంగా పొదగవు. ఆ గుణం లేనివాటినే తరతరాలుగా ఎంచి పెంచారు కాబట్టి.

అపోహ: కేంద్రంలో పిల్లలు పుడుతుంటేనే కళ.

వాస్తవం: ఆవు ఇరవై ఏళ్లదాకా బతకగలదు. కావాలని పుట్టించే ప్రతి దూడా, రోడ్డున పడ్డ మరో పశువుకు దక్కాల్సిన చోటు తీసుకుంటుంది. అందుకే పద్ధతిగా నడిచే కేంద్రాలు మగవాటిని విడిగా ఉంచుతాయి, లేదా విత్తులు కొట్టిస్తాయి. అయినా అక్కడ ఈతలు తప్పవు, చూడితో వచ్చేవి ఉంటాయి గనక. కొత్తగా చేరిన ఆడపశువుకు ముందు చూడి పరీక్ష చేయించాలి. చూడి పశువునూ, మూడు నెలల్లోపు పిల్ల ఉన్న తల్లినీ కోయకూడదని 2001 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి.

సింహాచలం అప్పన్నకో, వేములవాడ రాజన్నకో కోడెను మొక్కుకునేవాళ్లూ ఇది గుర్తుంచుకోవాలి. పాలు మరవని దూడను తెచ్చి వదిలితే మొక్కు తీరుతుంది గానీ, దూడ ఆకలి తీరదు.

అపోహ: పొదలో ఒంటరిగా పడుకున్న పిల్లను తల్లి వదిలేసింది.

వాస్తవం: దాచింది. ఆవులూ, మేకలూ, జింకలూ పిల్లను తొలి రోజుల్లో పొదలోనో గడ్డిలోనో పడుకోబెట్టి మేతకు పోతాయి. మధ్యమధ్య వచ్చి పాలిచ్చి పోతాయి. పిల్ల కదలదు, అరవదు. తల్లి పక్కనే నిలబడితే వేటాడే జంతువుల కన్ను పిల్ల మీద పడుతుంది. దూరంగా ఉండటమే దాని కాపలా. గొర్రెది వేరే దారి, దాని పిల్ల పుట్టిన కాసేపటికే వెంట నడుస్తుంది. లారీ దిగిన ఆవు కొత్త చోట ఈని, దూడను గడ్డివామి వెనక దాచి ఏమీ ఎరగనట్టు మేస్తుంటే, “దీనికి పిల్ల మీద ప్రేమే లేదు” అనుకుని దూడను ఎత్తుకురావద్దు. దూరం నుంచి చూడండి. కాసేపాగి తల్లి అటే వెళుతుంది.

పర్ణశాల చుట్టూ ఉన్న కోయ గూడేల్లో పాతకాలం నుంచీ ఆవును దున్నకానికీ ఎరువుకూ పెంచారే గానీ, పాలకోసం పెద్దగా పెంచలేదు. ఆ పాలు దూడవన్నది వాళ్ల లెక్క. ఆ అడవి అంచున నడుస్తున్నప్పుడు పొదలో కదలకుండా పడుకున్న దుప్పి పిల్ల ఎదురైతే, ముచ్చటపడి ముట్టుకోకండి. వచ్చిన దారినే చప్పుడు చేయకుండా వెనక్కి నడవండి. మీరు కదిలేదాకా తల్లి దగ్గరికి రాదు.