వెయ్యి ఫొటోలు, ఒక్క ఆజ్ఞ

పిల్లలూ, మీ అక్క పెళ్ళి ఫొటోలు వెయ్యి ఉన్నవనుకోండి. ఒక్కొక్కటి అడ్డం 4000, నిలువు 3000 చుక్కలు. అంటే మొత్తం 1,20,00,000! అడ్డమూ నిలువూ సగం చేస్తే మిగిలేది సగం కాదు సుమా, పాతిక భాగమే: 30,00,000. పక్కపక్కనున్న చుక్కల రంగులు కలిపి కంప్యూటరు ఒక కొత్త చుక్క చేస్తుంది.

ఒక్కొక్క ఫొటోనే తెరుస్తూ కూర్చోనక్కరలేదు. 1990లో వెలువడిన ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత ప్రోగ్రాముకు ఒక్క వరుస ఆజ్ఞ టైపు చేస్తే, వెయ్యింటినీ అదే కుదిస్తుంది.

అయితే అందులో 'మాగ్రిఫై' అనే ఆజ్ఞతో జాగ్రత్త! వేరే చోటు చూపించకపోతే అది చిన్న బొమ్మను అసలు బొమ్మ మీదనే రాసేస్తుంది. పోయిన చుక్కలను మళ్ళీ ఎవరూ తేలేరు. ముందుగా ఫొటోలన్నీ మరో ఫోల్డరులోకి కాపీ చేయించి, ఆ కాపీల మీదనే ఆజ్ఞ నడపమని నాన్నగారికి చెప్పండి.