పాలమూరు పల్లెల మొగ్గు

ఎన్నికలు ముగిసిన ప్రతి పర్యాయమును రాజధానిలోని పండితులు పటము ముందు వేసికొని జిల్లాలకు రంగులు పులుముట ఆచారమైనది. 2018లో పాత మహబూబునగరు జిల్లాలోని 14 శాసనసభా స్థానములలో 13 తెలంగాణ రాష్ట్ర సమితికి దక్కినవి. పాలమూరు గులాబీ కోట యని నాడు తీర్మానించిరి. 2023లో అవే 14 స్థానములలో 12 కాంగ్రెసు పరమైనవి. ఇది కాంగ్రెసు కోట యని నేడు చెప్పుచున్నారు. అంతకుముందు 2014లో సమితికి 7, కాంగ్రెసునకు 5, తెలుగుదేశమునకు 2 వచ్చిన సంగతి వీరికి జ్ఞాపకమున్నట్లు తోచదు. ఐదేండ్ల కొకమారు పేరు మార్చుకొను కోట లోకములో నెచ్చటను లేదు. గద్వాల మట్టికోటను చూచిన వారెవరును ఆ మాట నంత తేలికగ వాడరు.

మేము ఈ వ్యాసమున గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములను గూర్చియే ముచ్చటింపదలచితిమి. ఈ మూడును 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలైనవి. అందు గద్వాల మొదటి ముసాయిదాలో లేకుండెను. ప్రజలు ఆందోళన చేసి సాధించుకొనిరి. 2011 జనాభాలెక్కల ననుసరించి తెలంగాణమున నూటికి 61 మంది పల్లెవాసులు. గద్వాల, నాగరుకర్నూలు జిల్లాలలోనో, పదిమందిలో సుమారు తొమ్మిదిమంది పల్లెలలోనే నివసించువారు. కావున గ్రామసీమల మనస్సు తెలియగోరువారికి ఇంతకన్న తగిన చోటు లేదు.

ఒక శతాబ్దము వెనుకకు బోయినచో ఇచ్చట మొగ్గు అను ప్రశ్నయే పుట్టదు. నిజాము ప్రభువునకు లోబడి గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు తమతమ సీమల నేలుచుండెను. పండితులకు వార్షికములును, కవులకు సన్మానములును గలవు. విద్వద్గద్వాల యను పేరు ఊరక రాలేదు. రైతునకు మాత్రము శిస్తు చెల్లించుటయే గాని అభిప్రాయము చెప్పు హక్కు లేకుండెను. ఆ గద్వాల సంస్థానములోని ఇటిక్యాలపాడున 1896లో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షులైరి. 1947లో ఆత్మకూరు సమీపమునగల అప్పంపల్లిలో నిజాము పోలీసులు సత్యాగ్రహులపై తుపాకులు పేల్చిరి. ఈ నేలయొక్క రాజకీయము ఓటుతో కాక పత్రికతోను, నెత్తుటితోను ఆరంభమైనదని గుర్తుంచుకొనవలెను.

1952లో మొదటి ఓటు వచ్చినది. నల్లగొండ, వరంగల్లు సీమలు కమ్యూనిస్టుల ప్రజాతంత్ర కూటమివైపు ఉప్పెనవలె పొంగినవి. వనపర్తి మాత్రము ఆ పత్రికాధిపతినే తన ప్రతినిధిగ నెన్నుకొన్నది. సంస్థానపు రాజధాని తన మొదటి ఓటును సంస్థానాధీశునకు గాక, నిరంకుశ పాలనపై కలము నెత్తిన ఒక రైతుబిడ్డకు ఇచ్చుట చిన్న విషయము కాదు. దురదృష్టవశమున ఆయన మరుసటి యేడే, 1953 ఆగస్టులో, కీర్తిశేషులైరి. అదే ఎన్నికతో ఏర్పడిన హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావుగారును ఈ ప్రాంతము వారే. జన్మస్థానము కల్వకుర్తి సమీపమునగల పడకల్లు. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రియైన రేవంతరెడ్డిగారి కొండారెడ్డిపల్లియు అటు దరిదాపులదే.

పిమ్మట సంస్థానముల వారు పాతదారిన గాక క్రొత్తదారిన వచ్చిరి. వనపర్తి రాజా రామేశ్వరరావుగారు 1957లో మహబూబునగరు పక్షమున లోకసభకు వెళ్ళిరి. రాణీ కుముదినీదేవిగారు 1962లో హైదరాబాదు నగరమునకు మొదటి మహిళా మేయరై, వనపర్తినుండి శాసనసభకును వెళ్ళిరి. దీనిని జూచి, పల్లెవారు దొరలకు దాసులని యొక వాదము బయలుదేరినది. మేము దీని నంగీకరింపము. గౌరవము వేరు, దాస్యము వేరు. దాస్యమే యైనచో ఆ యిండ్ల దీపము నేటికిని వెలుగవలసియుండెను. వనపర్తి రాజభవనమున నేడు పాలిటెక్నిక్ విద్యార్థులు పాఠములు చదువుకొనుచున్నారు.

గద్వాల సంగతి చూడుడు. డీకే వారి కుటుంబము అచ్చట దశాబ్దములుగ ప్రబలమై యున్నది. ఐనను 1994లో సోదరులిద్దరు ఎదురెదురుగ నిలిచిరి. మంత్రిపదవి నిర్వహించిన సమరసింహారెడ్డిగారిని, స్వతంత్రునిగ నిలిచిన భరతసింహారెడ్డిగారు ఓడించిరి. 1999లో ఆ యింటివారికి గాక గట్టు భీముడుగారికి విజయము లభించినది. 2004లో అరుణగారు సమాజవాదీ పార్టీ గుర్తుపై గెలిచిరి. తెలుగునాట ఆ పార్టీ జాడయే అరుదు! 2009, 2014లలో కాంగ్రెసు పేర గెలిచిరి, 2018లో బండ్ల కృష్ణమోహనరెడ్డిగారి చేతిలో నోడిరి, 2024లో భారతీయ జనతాపార్టీ పేర మహబూబునగరునుండి లోకసభకు వెళ్ళిరి. జెండాలు మారినవి, ఓటరు ఒకమారు ఇచ్చెను, మరియొకమారు త్రోసివేసెను. కొల్లాపురమున జూపల్లి కృష్ణారావుగారి చరిత్రయు నిట్టిదే. 1999లో కాంగ్రెసు, 2004లో స్వతంత్రము, 2009లో మరల కాంగ్రెసు, 2012, 2014లలో సమితి, 2018లో పరాజయము, 2023లో తిరిగి కాంగ్రెసు. ఇచ్చట ఓటరు జెండాను మూడవ వస్తువుగ నెంచుచున్నాడని మా అభిప్రాయము. మనిషి రెండవది. మొదటిది యేదో ముందు చెప్పెదము.

గాలి యెటు వీచిన అటు వంగు పైరు పల్లె యని పట్టణవాసుల నమ్మకము. వనపర్తి లెక్క తీసి చూచినచో ఆ నమ్మకము నిలువదు. 1999లో రాష్ట్రమున తెలుగుదేశము గెలువగా వనపర్తి కాంగ్రెసు చిన్నారెడ్డిగారిని పంపెను. 2009లో కాంగ్రెసు గెలువగా తెలుగుదేశమునకు చెందిన రావుల చంద్రశేఖరరెడ్డిగారిని పంపెను. 2014లో సమితి గెలువగా మరల చిన్నారెడ్డిగారినే పంపెను. కల్వకుర్తి మరింత మొండిది. అత్యయిక పరిస్థితికి నిరసనగ కాంగ్రెసును వీడిన జైపాలరెడ్డిగారిని 1978లోను, తెలుగుదేశము ప్రభంజనమువలె వీచిన 1983లోను, జనతాపార్టీ పేరనే గెలిపించినది. 1989లో స్వయముగ నందమూరి తారకరామారావుగారు వచ్చి నిలువగా, కాంగ్రెసు అభ్యర్థియైన చిత్తరంజనదాసుగారిని గెలిపించి రామారావుగారిని పంపివేసినది. మహానటుని చూచుటకు జనము విరుగబడి వచ్చియుందురు. చూచుట చూచుటయే, ఓటు ఓటే! నాగరుకర్నూలున నాగం జనార్దనరెడ్డిగారు 2012లో తెలంగాణము కొరకు పదవి వీడి, స్వతంత్రునిగ నిలిచి గెలిచిరి. అంతకు నలుబది యేండ్లకు పూర్వము, 1971లో, తెలంగాణ ప్రజాసమితి గెలిచిన 10 లోకసభ స్థానములలో నాగరుకర్నూలు కూడ నుండెను.

ఇక మొదటి వస్తువు. అది నీరు. ఇరువైపుల కృష్ణా తుంగభద్రలు పారుచుండగా నడుమ నడిగడ్డ యెండుచుండుట చూచినవారికి ఈ ప్రాంతపు రాజకీయమునకు వేరు వ్యాఖ్యానము అక్కరలేదు. రాజోలిబండ ఆనకట్టవలన ఈ ప్రాంతమున 87,500 ఎకరములు తడియవలెనని కాగితము చెప్పును. కాలువ చివరి రైతునకు ఆ నీరు అందుట దుర్లభమైనది. 2003లో కేసీఆరుగారు అలంపురమునుండి గద్వాలకు పాదయాత్ర సలిపినది ఈ రాజోలిబండ పేరనే. జూరాలకు 1981లో శంకుస్థాపన జరిగినది. శ్రీశైలము జలాశయమున కొల్లాపురము సీమ పల్లెలు మునిగినవి; ఊరు పోగొట్టుకొన్న వారి పొలములకు ఆ నీరు ఎక్కుటకు కల్వకుర్తి యెత్తిపోతల దాక, అనగా ఒక తరము, కాచుకొనవలసి వచ్చెను. ఈ లోపల కూలిజనము మేస్త్రీల వెంట బొంబాయి, పూనా పోయి రోడ్లు వేసిరి, కాలువలు త్రవ్విరి. పరుల నేలకు కాలువ త్రవ్వినవాని చేనునకు కాలువ లేకుండుటకన్న విపరీతము గలదా? ఇట్టివాడు తన ఓటును సిద్ధాంతమునకు గాక తూమునకు వేయుటలో తప్పేమి?

పాలమూరు రంగారెడ్డి యెత్తిపోతలకు 2015 జూనులో కరివెన వద్ద పునాది వేసిరి. 12 లక్షల ఎకరములకు పైగ పారింతుమనిరి. 2023 సెప్టెంబరు 16న నార్లాపురమున మొదటి పంపు నడిపిరి. మూడు మాసములు దాటకమునుపే ఆ ప్రభుత్వమును ఈ జిల్లాయే సాగనంపెను. పంపు నడిచినది గాని పొలము తడియలేదు. ఓటరు పంపును గాక పొలమును చూచెను.

భూస్వాములగు మా పాఠకులతో ఒక మాట నిర్మొగమాటముగ జెప్పవలసియున్నది. 2018 మే నెలలో రైతుబంధు ప్రారంభమైనప్పుడు ఎకరమునకు పంటకు 4,000 రూపాయలు పట్టాదారునకు ముట్టెను. పదియెకరములవానికి పదింతలు, ఎకరమువానికి ఒకటి, కౌలుదారునకు సున్న. ఆ యేటి ఎన్నికలలో సమితికి 13 స్థానములు వచ్చుటకు ఈ సొమ్మొక కారణమని యందరు నెరుగుదురు. ఐదేండ్లకు మనస్సు మారుటలో, దున్నువాని చేతికి గాక పట్టా గలవాని చేతికే సొమ్ము పోవుట యను బాధయు నొకటి యని మేము భావించుచున్నాము. 2023లో కౌలుదారులకును ఇత్తుమని కాంగ్రెసువారు వాగ్దానము చేసిరి. 2025 జనవరి 26న క్రొత్త పథకములు ఆరంభించి, ఎకరమునకు ఏడాదికి 12,000, భూమిలేని కూలీ కుటుంబమునకు 12,000 అని ప్రకటించిరి. కౌలుదారు మాట ఎచ్చట దిగబడెనో పెద్దలు సెలవియ్యవలెను. మీ పొలమును కౌలునకు దున్నువాడును ఓటు గలవాడే. వాని మొగ్గు మీ యరుగుపై కూర్చుండి చెప్పు మాటలో దొరకదు.

ఇంత తెలివిగ ఓటువేయువానికి జరుగుచున్న గౌరవమెట్టిది? 2018లో ఈ జిల్లాలో కాంగ్రెసు గెలిచిన ఒకేయొక స్థానము కొల్లాపురము. గెలిచిన సభ్యుడు సమితిలో చేరెను. 2023లో సమితి యిచ్చట నిలుపుకొన్న రెండింటిలో గద్వాల యొకటి. గెలిచిన కృష్ణమోహనరెడ్డిగారు 2024 జూలైలో కాంగ్రెసువారితో చేరిరి. ఎదురుపక్షమునకు ఓటు వేయుటయే ఆ యూళ్ళు చేసిన నేరము కాబోలు! రాష్ట్రమున ఇట్లు మారిన పదిమంది సంగతి మూడు మాసములలో తేల్చవలసినదని సర్వోన్నత న్యాయస్థానము 2025 జూలై 31న సభాపతికి చెప్పవలసివచ్చెను. అధికారములో లేని పక్షము నెన్నుకొను హక్కు వనపర్తివారు మూడు పర్యాయములు వాడుకొనిరి. సభ్యుడు మరునాడే అవతలకు దాటినచో ఆ హక్కునకు విలువ యేమి?

2024 లోకసభ ఎన్నికలలో మహబూబునగరు భాజపాకు సుమారు నాలుగున్నర వేల ఆధిక్యముతో చిక్కగా, ప్రక్కనున్న నాగరుకర్నూలు కాంగ్రెసు మల్లు రవిగారిని తొంబది వేలకు పైబడిన ఆధిక్యముతో పంపినది. ఆరు మాసములకు పూర్వము రెండును ఒకే రంగున నుండినవి. వనపర్తి, గద్వాల, కొల్లాపురము నాగరుకర్నూలు లోకసభ స్థానములోనివే. గద్వాలకు చెందిన అరుణగారు గెలిచినది తమ యూరు లేని స్థానమున! దీనిని కాషాయమనవలెనా, మూడు రంగులనవలెనా, పటము గీయువారే చెప్పవలెను.

పోలింగునకు ముందునాడు బొంబాయినుండియు, పూనానుండియు బస్సులు పల్లెలకు చేరును. పార్టీలవారే ఛార్జీ లిచ్చి రప్పింతురు. ఎవని బస్సు ఎక్కినవాడు వానికే ఓటు వేయునని వారి లెక్క. దిగినవాడు ముసలి తల్లిని పలుకరించి, చెరువులో నీరున్నదా, కాలువ యెంతదాక వచ్చినదని విచారించి, ఉదయము వరుసలో నిలుచును. సాయంకాలమునకు మరల మూట గట్టుకొనును.