డిశ్చార్జి అయ్యాక ఎక్కడికి?

మానసిక ఆసుపత్రిలో నెలల తరబడి ఉన్న మనిషి కుదుటపడతాడు. కంటికి నిద్ర వస్తుంది, చెవిలో వినిపించే గొంతులు తగ్గుతాయి, పూట తప్పకుండా మందులు తనే అడిగి వేసుకుంటాడు. డాక్టరు ఇంటికి వెళ్లవచ్చంటారు. అప్పుడు వస్తుంది అసలు చిక్కు, డిశ్చార్జి కాగితంలో చిరునామా రాయాల్సిన గడి దగ్గర. ఇంటివాళ్లు ఫోను ఎత్తరు, లేదా ఇల్లు మారిపోయి ఉంటారు. కొందరికి సొంత ఊరి పేరే గుర్తుండదు. మన దేశంలోని 43 ప్రభుత్వ మానసిక ఆసుపత్రులను పరిశీలించి 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం, అక్కడ ఉంటున్నవారిలో మూడో వంతుకు పైగా ఏడాదో, అంతకంటే ఎక్కువో గడిపినవారే. వారిలో ఎందరినో అక్కడ ఆపుతున్నది జబ్బు కాదు, వెళ్లడానికి చోటు లేకపోవడం.

జబ్బు పూర్తిగా తగ్గితే ఇల్లు దానంతటదే దొరుకుతుందని మనం అనుకుంటాం. ఈ వరస తలకిందులైంది. రోజుకు రెండుసార్లు మాత్రలు వేసుకోవాల్సిన మనిషి బస్టాండు అరుగు మీద పడుకుంటే ఆ మాత్రల పొట్లం వానలో తడుస్తుంది, లేదా సంచితో సహా పోతుంది. నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది. ఆడవాళ్లయితే రాత్రంతా భయంతో కూర్చోవాల్సిందే. తలుపు, గొళ్లెం, గోడకు ఒక అలమర లేకపోతే మందు సరిగా పని చేయడం కష్టం. ఇల్లు వైద్యంలో భాగం.

ముందే ఇల్లు ఇస్తే మనిషి అందులో నిలబడతాడనడానికి ఆధారం ఉంది. న్యూయార్క్‌లో 1992లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త ‘ముందు ఇల్లు, తర్వాత మిగతావి’ అనే పద్ధతి మొదలుపెట్టారు. కెనడా దాన్ని 2009 నుంచి 2013 వరకు ఐదు నగరాల్లో, దాదాపు 2,000 మంది మీద పరీక్షించింది. చివరి ఆరు నెలల్లో, ముందే ఇల్లు ఇచ్చినవారిలో 62 శాతం మంది ఆ కాలమంతా ఇంట్లోనే నిలబడ్డారు. మామూలు సేవలు పొందినవారిలో అలా నిలిచింది 31 శాతమే. జబ్బు లక్షణాలు మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా తగ్గాయి. ఇల్లు ఒక్కటే మందు కాదని కూడా ఆ అధ్యయనమే చెప్పింది.

కెనడా డబ్బున్న దేశం, మనకెలా సాధ్యమని అడగవచ్చు. చెన్నైలో 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ ప్రారంభించిన ‘ది బాన్యన్’ సంస్థ దీనికి చేతలతో జవాబిచ్చింది. 2015 నుంచి ‘హోమ్ అగైన్’ పేరిట మామూలు వీధుల్లో అద్దె ఇళ్లు తీసుకుని, ఇంటికి నలుగురైదుగురు చొప్పున ఉంచుతోంది. తోడుగా శిక్షణ పొందిన ఒక సహాయకురాలు ఉంటుంది. ఈ పూట ఏ కూర వండాలో, ఎప్పుడు బజారుకు వెళ్లాలో ఆ ఇంట్లోవాళ్లే అనుకుంటారు. ఏళ్ల తరబడి వార్డులో గంట కొడితే లేచి పళ్లెం పట్టుకున్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

కుటుంబమే చూసుకోవాలి కదా అన్నది గట్టి అభ్యంతరం. చూసుకోగలిగినవారు చూసుకుంటూనే ఉన్నారు. అయితే కూలికి వెళ్తేగానీ పొయ్యి వెలగని ఇంట్లో, పగలంతా ఒకరిని కనిపెట్టుకుని ఉండేదెవరు? ఆ భారం మోయలేనివాళ్లను తప్పుపట్టి ప్రయోజనం లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. వేరే దారి తోచక సొంతవాళ్లు తెచ్చి వదిలినవారు కూడా వారిలో ఉన్నారు. పట్టణాల్లో నిరాశ్రయుల వసతి కేంద్రాలు ఉన్నాయి కదా అంటే, అవి రాత్రికి తల దాచుకోవడానికి. మందులు అందాయా లేదా చూసే మనిషి అక్కడ అరుదు.

చట్టం మన పక్షానే ఉంది. 2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఇల్లు లేదనో, ఇంటివాళ్లు రానివ్వడం లేదనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదని సెక్షన్ 19లో స్పష్టంగా చెప్పింది. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య మజిలీగా ఉండే హాఫ్‌వే హోమ్‌లు, తోడు ఉండే వసతి గృహాలు ఏర్పాటు చేయాల్సింది ప్రభుత్వమే. వీధిలో తిరుగుతూ తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నవారిని పోలీసులు లాకప్‌లో పెట్టకుండా, 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. అలాంటి మనిషి మీ వీధిలో కనిపిస్తే స్టేషనుకు చెప్పండి. సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక మిగిలింది ఇరుగుపొరుగు భయం. మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడే అలవాటున్న మనకు ఆ భయం ఎక్కడిదో తెలుసు. మానసిక జబ్బు ఉన్నవారు హింస చేయడం కంటే హింసకు గురికావడమే ఎక్కువ. చట్టాలు ఎన్ని ఉన్నా, టు-లెట్ బోర్డు పెట్టిన యజమాని ఒప్పుకోనిదే ఏ సంస్థా ఇల్లు తెరవలేదు. రేపు మీ గేటు ముందుకు అలాంటి వసతికి ఇల్లు అద్దెకు అడుగుతూ ఎవరైనా వస్తే, కాదనే ముందు వాళ్ల మాట పూర్తిగా వినండి.